పన్నెండింటికి మూడేసి సార్లు మోగే ఆ గంట: విజయనగరంలో మన మిషన్ హైస్కూలు

ఘంటస్తంభం వీధి | ఆదివారం, రాత్రి 8:40

విజయనగరంలో ఒక కాథలిక్ మిషన్ హైస్కూల్లో ఆరు నుంచి పది దాకా చదివాను. చేరింది 1979 జూన్‌లో. విజయనగరం జిల్లా ఏర్పడింది ఆ నెల ఒకటో తారీఖునే. అట్ట వేసిన నోటు పుస్తకం మీద జిల్లా పేరు ఏది రాయాలో, అలవాటు ప్రకారం విశాఖపట్నమే రాయాలో మా క్లాసు మాస్టారికే తేలలేదు. సగంమంది అది రాశారు, సగంమంది ఇది.

నా సందేహం గంట గురించి. బడి గంట కాదు. బడి గంట అంటే వేపచెట్టు కొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అటెండరు ఇనుప కడ్డీతో కొడితే పళ్ళు జివ్వుమనేవి. నేను అడుగుతున్నది ఆవరణలోనే ఉన్న గుడి గంట. రోజూ మధ్యాహ్నం పన్నెండుకు మోగేది. మూడు దెబ్బలు, ఆగేది. మళ్ళీ మూడు, ఆగేది. ఇంకో మూడు. ఆ తర్వాత వరసగా, లెక్క తప్పేటన్ని. మొదటి దెబ్బ వినగానే లెక్కల మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన నుదుట తిరునామం ఉండేది. మేమూ లేచేవాళ్ళం. గంట ఆగాక వదిలేసిన కూడిక వదిలేసిన చోటి నుంచే మొదలయ్యేది.

అయిదేళ్ళు నిలబడ్డాను గాని ఎందుకు నిలబడ్డామో తెలియదు. నిన్న మా అమ్మాయి అడిగితే నోరు పెగల్లేదు. తెలిసినవారు చెప్పగలరా?

సాలూరు సంత | ఆదివారం, రాత్రి 9:15

అది త్రికాల ప్రార్థన గంట అండి. ఉదయం ఆరుకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు మోగుతుంది. మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పిన ఘట్టాన్ని మూడు ముక్కలుగా చెప్పుకుంటాం. ఒక్కో ముక్క తర్వాత ఒక మంగళవార్త జపం. అందుకే మూడేసి దెబ్బలు, మూడు విడతలు. చివర్లో మీకు లెక్క తప్పినవి తొమ్మిది. మీరు పగటి బడి పిల్లలు కాబట్టి పన్నెండు గంటలది ఒక్కటే విన్నారు. మేము హాస్టల్లో మూడూ విన్నాం. ఉదయం ఆరు గంటలది వినపడకపోతే చెవి పట్టుకుని వినిపించేవారు.

పాత ఫారం | ఆదివారం, రాత్రి 10:02

నేను ఇంకా వెనకటివాణ్ణి. 1958లో మొదటి ఫారంలో చేరాను. ఇప్పటి పిల్లలకు అర్థం కావడానికి చెబుతున్నాను: మొదటి ఫారం అంటే ఆరో తరగతి. ఆరో ఫారం అంటే పదకొండు, ఎస్.ఎస్.ఎల్.సి. అది గట్టెక్కితే మహారాజా కళాశాలలో ఒక ఏడాది పి.యు.సి., అంటే ప్రీ యూనివర్సిటీ కోర్సు. తర్వాత 1969లో ఆ పి.యు.సి.ని తీసేసి రెండేళ్ళ ఇంటర్మీడియట్ పెట్టారు, బడి చదువు పదితో ఆగింది.

ఆ రోజుల్లో ఫాదర్లను మా ఇళ్ళలో స్వాములవారు అనేవారు. మా నాయనమ్మ అయితే 'దొర స్వాములు' అనేది. తెల్ల అంగీ, తెల్ల గడ్డం, సైకిలు. తెలుగు మాట్లాడేవారు, అయితే 'ళ'కు 'ల' పలికేవారు. 'పిల్లలూ, గోల చేయకండి' అంటే ఏ ఇబ్బందీ లేదు. 'నీళ్ళు', 'పెళ్ళి' వస్తేనే మాకు నవ్వు ఆగేది కాదు.

వీరి మూలం తెలుసుకోవాలంటే ఫ్రాన్సు కొండల్లోకి వెళ్ళాలి. అనెసీ అనే ఊరు. పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరున 1838లో అక్కడ ఒక గురువుల సభ పుట్టింది. వాళ్ళు 1846లో విశాఖపట్నంలో దిగారు. మరుసటి ఏడాదే, అంటే 1847లో, విశాఖలో సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. ఒక చిన్న విశేషం: వాళ్ళు బయలుదేరేనాటికి ఆ ఊరు ఫ్రాన్సులో లేదు. ఆ సవాయ్ ప్రాంతం సార్డీనియా రాజ్యంలో ఉండేది, 1860లో ఫ్రాన్సులో కలిసింది. కాబట్టి మొదట వచ్చినవారిని ఫ్రెంచివారు అనడం కొంచెం తొందరపాటు. ఇటువైపు రైలు 1890లలో గాని రాలేదు. విశాఖ నుంచి మన ఊరికి ఎడ్ల బండే. నాగపూర్ దాకా, దాని పక్కన కాంప్టీ కంటోన్మెంటులోని కాథలిక్ సిపాయిల దాకా వీరి బాధ్యతే అంటే ఎంత తిరిగి ఉంటారో ఊహించుకోండి.

కొత్తవలస జంక్షన్ | సోమవారం, ఉదయం 7:20

అంతా బాగుంది. తెలుగు మాట్లాడితే వేసిన జరిమానా గురించి ఎవరైనా రాస్తారేమోనని రాత్రంతా చూశాను. నేను చదివింది కూడా ఇలాంటి మిషన్ బడే, 1990లలో, ఇంగ్లీషు మీడియం. ఒక చెక్క బిళ్ళ ఉండేది. తెలుగు మాట్లాడినవాడి మెడలో వేసేవారు. వాడు ఇంకొకణ్ణి పట్టుకుని వాడి మెడకు మార్చాలి. సాయంత్రం గంటకు ఎవరి మెడలో ఉంటే వాడు డబ్బు కట్టాలి. అంటే రోజంతా స్నేహితుడి నోటి నుంచి తెలుగు మాట ఎప్పుడు జారుతుందా అని కాచుకుని కూర్చునేవాళ్ళం. మా పక్క బెంచీవాడు కాలు బెణికి 'అమ్మా' అన్నందుకు బిళ్ళ వాడి మెడలోకి వెళ్ళింది. వేసింది నేనే.

గంట అందంగానే మోగుతుంది. బిళ్ళ కూడా గుర్తుంది.

సోషల్ టీచర్ | సోమవారం, ఉదయం 8:05

కొత్తవలస గారూ, మీరు చెప్పింది నిజం. నేను అలాంటి ఒక బడిలోనే ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. స్టాఫ్ రూములో ఆ బిళ్ళ గురించి మేము తగువులాడుకున్నాం. తెలుగు పండితులు ఒకాయన ప్రతి ఏడూ హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్ళి, నా పిరియడ్లో కూడా వాడికి జరిమానా వేస్తారా అని అడిగి వచ్చేవారు. ఆయన పిరియడ్‌కు మాత్రం మినహాయింపు దొరికింది.

ఆ బిళ్ళను విదేశీ స్వాములు తెచ్చారని అనుకుంటే మాత్రం పొరపాటు. మేము చేరేనాటికి వాళ్ళు దాదాపు లేరు. పాత ఫారం గారిని అడగండి, ఆయన ఏ మీడియంలో చదివారో.

పాత ఫారం | సోమవారం, ఉదయం 9:30

తెలుగు మీడియం. ఆరో ఫారం దాకా లెక్కలు, సైన్సు, సాంఘికం అన్నీ తెలుగే. ఇంగ్లీషు ఒక సబ్జెక్టు, అంతే. కాకపోతే ఆ ఒక్కటీ బాగా చెప్పేవారు. ఇంగ్లీషు మీడియం మా తరం అడిగి తెచ్చుకున్నది. నేనే మా అబ్బాయికి సీటు కోసం తెల్లవారుజామున నాలుగింటికి గేటు ముందు వరసలో నిలబడ్డాను. బిళ్ళ గురించి మా వాడు చెబితే, మంచిదే, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తాయి అన్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

నాగావళి గట్టు | సోమవారం, ఉదయం 11:48

శ్రీకాకుళం నుంచి. మా వైపు అన్నిటినీ 'మిషన్ స్కూలు' అనేస్తారు గాని, మిషన్లు వేరు వేరు. విశాఖలో లండన్ మిషనరీ సొసైటీ వారు 1805లోనే దిగారు, సువార్తల తెలుగు అనువాదం మీద పనిచేసింది వారే. బొబ్బిలి, శ్రీకాకుళం వైపు తర్వాత వచ్చింది కెనడా బాప్టిస్టులు. కాథలిక్కులది ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్ మిషన్. అడ్రసు అడిగేటప్పుడు ఈ మూడక్షరాలు చెప్పకపోతే రిక్షావాడు ఇంకో మిషనుకు తీసుకెళ్ళేవాడు.

మాటలు కూడా వేరు. బాప్టిస్టు ఇంట్లో 'ఆరాధనకు వెళ్తున్నాం' అంటారు, ఆర్.సి.ఎం. ఇంట్లో 'పూజకు వెళ్తున్నాం' అంటారు. అక్కడ పాస్టరు, ఇక్కడ విచారణ గురువులు. మా అమ్మమ్మ బాప్టిస్టు. మా ఆర్.సి.ఎం. బడి గేటులో మరియమ్మ విగ్రహానికి పూలదండ చూసి, 'మీ బడివాళ్ళు మనవాళ్ళో హిందువులో తేల్చుకోమను' అంది.

మాకు శ్రీకాకుళం మేత్రాసనం, అంటే బిషప్ గారి పరిధి, విడిగా వచ్చింది 1993లో. అంతకు ముందు రెండు జిల్లాలూ విశాఖ కిందే. టి.సి.లో సంతకం ఎవరిదైనా, బదిలీ కాగితం మాత్రం విశాఖ నుంచే వచ్చేది.

ఇంకో మాట. పైన ఎవరూ అనలేదు గాని, ఇలాంటి చర్చల్లో తప్పకుండా వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను: ఈ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభవారూ డాన్ బోస్కో సలీసియన్లూ ఒకటి కాదు. ఇద్దరికీ పునీతుడు ఒకడే, సభలు వేరు. డాన్ బోస్కో సభ 1859లో పుట్టింది, అంటే వీరు విశాఖలో దిగిన పదమూడేళ్ళకు.

ఘంటస్తంభం వీధి | సోమవారం, మధ్యాహ్నం 1:10

ఆ పునీతుడి పండుగ రోజునే మాకు బూందీ లడ్డూ ఇచ్చేవారు! జనవరి 24. రెండు రోజులాగితే రిపబ్లిక్ డే. కవాతు సాధన చేస్తూ చేస్తూ మధ్యలో ఆపి లడ్డూ తిని, మళ్ళీ కవాతు. పొట్లం విప్పితే నూనె మరక దిగిన కాగితం మీద కొట్టేసిన పాత ప్రశ్నపత్రం అక్షరాలు కనిపించేవి.

పాత ఫారం | సోమవారం, మధ్యాహ్నం 2:25

జనవరి 24 కాదు బాబూ, 29. రిపబ్లిక్ డే అయిపోయాక వచ్చేది. జెండా తాళ్ళు ఇంకా విప్పకుండానే ఈ పండుగ రంగు కాగితాలు కట్టేవాళ్ళం. నాకు బాగా గుర్తు.

ఘంటస్తంభం వీధి | సోమవారం, మధ్యాహ్నం 2:31

పెద్దలతో వాదించకూడదు గాని, 24 అండి. లడ్డూ విషయంలో నా జ్ఞాపకం తప్పదు.

సాలూరు సంత | సోమవారం, సాయంత్రం 6:40

ఇద్దరిదీ నిజమే. 1969లో రోమ్ వారు పునీతుల పండుగల పట్టిక మార్చారు. ఫ్రాన్సిస్ డి సేల్స్ పండుగ అప్పుడే 29 నుంచి 24కు జరిగింది. పాత ఫారం గారిది పాత తేదీ, మీది కొత్త తేదీ. లడ్డూ మాత్రం జరగలేదు.

ఆ మార్పులన్నీ ఒకే కాలంలో వచ్చాయి. రెండో వాటికన్ మహాసభ 1962 నుంచి 1965 దాకా జరిగింది. అంతకు ముందు పూజ లాటిన్‌లో, గురువు జనానికి వీపు పెట్టి చేసేవారట. ఆ తర్వాత తెలుగు వచ్చింది, గుడిలోకి హార్మోనియం, తబలా వచ్చాయి.

పాత ఫారం | సోమవారం, సాయంత్రం 7:15

అవునా! యాభై ఏళ్ళకు పైగా మా తమ్ముడితో ఈ తేదీ మీద పందెం నడుస్తోంది. వాడు 1970లో చదివాడు. ఫోను చేసి చెబుతాను, అయితే ఎవరు గెలిచినట్టో తెలియడం లేదు.

గోడ అవతల | సోమవారం, రాత్రి 9:05

మగపిల్లలంతా గంట గురించి రాసుకుంటున్నారు. గోడకు ఇవతల సిస్టర్ల బడి కూడా ఉండేదని ఎవరికీ గుర్తు రాలేదు. సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు అదే అనెసీ నుంచి 1849లో వచ్చారు, ఫాదర్లు వచ్చిన మూడేళ్ళకే. ఈ వైపు ఆడపిల్లల చదువు ఎవరి పుణ్యమో లెక్క తీసేటప్పుడు అది కూడా వేసుకోండి.

మా బడిలో కుట్టుపని పిరియడ్ ఉండేది. ఒక జేబురుమాలు అంచు కుట్టడానికి ఒక టర్మ్ అంతా పట్టేది. కుట్టు కొంచెం వంకర పోతే సిస్టర్ ఏమీ అనకుండా కత్తెరతో మొత్తం విప్పి, బట్ట తిరిగి చేతిలో పెట్టేది. ఆ మౌనం కంటే దెబ్బ నయం అనిపించేది. ఇప్పుడు నేను బ్యాంకులో ఆడిట్ చేస్తాను. మా కిందివాళ్ళు నా గురించి ఇదే మాట అంటారని ఈ మధ్యే తెలిసింది.

మోరల్ సైన్స్ పిరియడ్ గుర్తుందా ఎవరికైనా? కాథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ళ మత పాఠానికి, గుడి వరండాలోకి వెళ్ళేవారు. మిగతావాళ్ళకు ఇక్కడ 'అబద్ధం ఆడకూడదు' పాఠం. మాకు ఎప్పుడూ అటే వెళ్ళాలని ఉండేది, అక్కడ పాటలు ఉండేవి కాబట్టి.

కొత్తవలస జంక్షన్ | సోమవారం, రాత్రి 9:50

పాటలతోనే కదా మొదలయ్యేది. మతంలోకి లాగారా లేదా, సూటిగా చెప్పండి.

సోషల్ టీచర్ | సోమవారం, రాత్రి 10:20

సూటిగా చెబుతాను. నేను పనిచేసిన ముప్ఫై ఏళ్ళలో బడి వల్ల మతం మారిన పిల్లవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. పిల్లల్లో అత్యధికులు హిందువులు, తర్వాత ముస్లింలు, కాథలిక్కులు కొద్దిమంది. రాజ్యాంగం 28వ అధికరణంలో మూడో భాగం చూడండి: ప్రభుత్వ గుర్తింపు గాని, సహాయం గాని ఉన్న బడిలో మతబోధకు పిల్లవాణ్ణి కూర్చోబెట్టాలంటే అతని సమ్మతి కావాలి, మైనరైతే సంరక్షకుడి సమ్మతి. సత్యోపదేశం విడిగా పెట్టడం వెనుక ఉన్నది ఆ నియమమే. పైడితల్లి సిరిమాను ఉత్సవం జరిగే మంగళవారం మా బడికి సెలవు. తెరిచినా ఎవరు వస్తారు, అటెండరే ముందు వెళ్ళి మూడు లాంతర్ల దగ్గర చోటు పట్టుకునేవాడు.

కానీ పన్నెండింటికి అందరూ లేచి నిలబడడం? దానికి ఎవరి సమ్మతీ అడగలేదు, ఆ మాటా నిజమే. తిరునామం పెట్టుకున్న లెక్కల మాస్టారు నిలబడ్డారంటే అది భక్తి కాదు, ఉద్యోగమూ కాదు. ఆవరణ మర్యాద అనుకునేవారు. గుడి ముందు నుంచి వెళ్తే చెప్పులు విడవకపోయినా గొంతు తగ్గిస్తాం చూడండి, అలాంటిది.

సాలూరు సంత | సోమవారం, రాత్రి 11:35

హాస్టల్ గురించి కొంచెం రాస్తాను, నిద్ర పట్టడం లేదు.

మా ఊరికి ఉపదేశి, అంటే గుడి తరఫున మతబోధ చేసే ఆయన, వచ్చి మా నాన్నతో మాట్లాడి నన్ను పట్నం పంపించాడు. ట్రంకు పెట్టె, రెండు జతల బట్టలు, ఒక పళ్ళెం. హాస్టల్లో మేము ముప్ఫై, నలభై మంది. ఉదయం ఆరు గంటల గంట, పూజ, ఊడ్పు, చదువు, గంజి, బడి. పగటి పిల్లలు మడతలు పెట్టిన చొక్కాలతో వచ్చేవారు, మేము అదే ఆవరణలో బావి దగ్గర ఉతికి ఆరేసుకున్న చొక్కాలతో. ఒకే క్లాసు, ఒకే బెంచీ. అయినా మధ్యాహ్నం వాళ్ళు డబ్బాలు విప్పేవేళ మేము వరసలో పళ్ళేలతో నిలబడేవాళ్ళం. వాళ్ళలో ఒకడు రోజూ తన ఆవకాయ ముద్ద సగం నా పళ్ళెంలో వేసేవాడు. వాడి పేరు చెప్పను, ఈ చర్చ చదువుతూ ఉండవచ్చు.

ఇప్పటిదాకా ఎవరూ రాయనిది ఒకటుంది. మాకు రెండు పేర్లు. జ్ఞానస్నానం పేరు గుడిలో, ఇంటి పేరూ మామూలు పేరూ బడి రిజిస్టరులో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలో ఉన్న దళితుడు ఎస్సీ కాడు. మన రాష్ట్రంలో బీసీ-సి. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఆ అడ్డు తీశారు, మాకు తీయలేదు. ఎస్టీలకు ఈ బాధ లేదు, మతం మారినా ఎస్టీయే. అందుచేత ఒకే హాస్టల్లో పక్క పక్క చాపల మీద పడుకున్న ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఒక రకం, ఇంకొకడికి ఇంకో రకం. అడ్మిషన్ రాసే గుమాస్తా తలెత్తి 'ఏ పేరు వేయమంటావు?' అని అడిగేవాడు. పదకొండేళ్ళ పిల్లవాడు ఏం చెబుతాడు? నేను ట్రంకు పెట్టె మీద ఏ పేరు ఉంటే అది చెప్పాను.

నాగావళి గట్టు | మంగళవారం, ఉదయం 6:55

సాలూరు గారూ, ఇది చదివాక మా లడ్డూ పంచాయితీ చిన్నదైపోయింది.

కొత్తవలస జంక్షన్ | మంగళవారం, ఉదయం 8:30

నా ప్రశ్నకు సమాధానం దొరికింది, ధన్యవాదాలు మేడం. ఇంకొకటి ఉంది. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లు అని విద్యాహక్కు చట్టం చెబుతోంది కదా. మా చెల్లెలు తన పిల్లకు ఒక మిషన్ బడిలో అడిగితే మాకు వర్తించదు అన్నారు. పేదల కోసం వచ్చాం అనేవారికి వర్తించకపోవడం ఏమిటి?

సోషల్ టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ బడులకు, సహాయం ఉన్నా లేకపోయినా, ఆ చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. ఆధారం 30వ అధికరణం, అంటే మైనారిటీలు తమ విద్యాసంస్థలు తామే పెట్టుకుని నడుపుకునే హక్కు. చట్టం మాట అది. నన్నడిగితే, వర్తించదు అన్నంత మాత్రాన ఇవ్వకూడదని ఎవరూ అనలేదు. కొందరు ఇస్తారు, కొందరు తీర్పు కాగితం చూపిస్తారు.

ఎయిడెడ్ సంగతి కూడా చెప్పాలి, బడి గుణం మారింది అక్కడే. ఈ గ్రాంటు పద్ధతి నిన్నటిది కాదు, బ్రిటిష్ కాలంలో చదువుల మీద వచ్చిన 1854 నాటి వుడ్ పత్రంతో మొదలైంది. నియామకం యాజమాన్యానిది, జీతం ప్రభుత్వానిది, కాబట్టి ఫీజు నామమాత్రం. సాలూరు గారి లాంటి పిల్లలు పట్నంలో చదవగలిగింది అందువల్లే. ఇంగ్లీషు మీడియం సెక్షన్లు మాత్రం సహాయం లేనివి, ఫీజు మీద నడిచేవి. స్టాఫ్ రూము ఒకటే. ఒకటో తారీఖున నా జీతం ట్రెజరీ బిల్లు ద్వారా బ్యాంకులో పడేది. నా పక్క కుర్చీలో, నాకన్నా ఎక్కువ పిరియడ్లు చెప్పే అమ్మాయి ఆఫీసు గదికి వెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టి కవరు తెచ్చుకునేది. ఆ కవరు నా ముందు ఎప్పుడూ విప్పలేదు. అందులో ఎంత ఉందో నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

మేము ఒక్కొక్కరమే రిటైరయ్యాం, ఆ ఖాళీలు నిండలేదు. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ యాజమాన్యాలను సిబ్బందిని అప్పగిస్తారా, ఆస్తులతో సహా బడినే అప్పగిస్తారా అని అడిగినప్పుడు చాలా చోట్ల మిగిలిన మాస్టార్లు ప్రభుత్వ బడులకు వెళ్ళిపోయారు. గొడవయ్యాక బలవంతం లేదన్నారు. వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, ఆ సెక్షన్ల పిల్లలు కూడా.

మోడరేటర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:00

చర్చ బాగుంది, తెరిచే ఉంచుతున్నాం. బడుల పేర్లు, ఉపాధ్యాయుల పేర్లు రాసిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. బిళ్ళ గురించి, జీతాల గురించి ఇలా పేర్లు లేకుండానే రాయండి.

పాత ఫారం | మంగళవారం, సాయంత్రం 5:50

తమ్ముడికి ఫోను చేశాను. తేదీ మారిందంటే నమ్మడు. రోమ్ వాళ్ళు తనను ఓడించడానికే మార్చారంటున్నాడు.

ఘంటస్తంభం వీధి | బుధవారం, రాత్రి 8:15

ఈ రోజు పదకొండున్నరకే బయలుదేరి వెళ్ళాను. గేటు దగ్గర కాపలా అతను లోపలికి పంపలేదు, తల్లిదండ్రులు శనివారం రావాలట. నాకు అరవై దగ్గర పడుతున్నాయి, నేను ఎవరి తండ్రినో అడగలేదు. రోడ్డుకు ఇవతల కిళ్ళీ కొట్టు నీడలో నిలబడ్డాను. వేపచెట్టు ఉంది, పట్టా ముక్క లేదు, బడి గంట కరెంటుది. సరిగ్గా పన్నెండుకు గుడి గంట మోగింది. ఆటోల హారన్ల మధ్య చెవి పెట్టి లెక్కపెట్టాను. మూడు, మూడు, మూడు. ఆ తర్వాతవి తొమ్మిదే, సాలూరు గారూ. కిళ్ళీ కొట్టు ఆయన చిల్లర లెక్కపెట్టడం ఆపి చూస్తుంటే గాని నేను చేతులు కట్టుకుని నిలబడ్డానని తెలియలేదు.

ఇంటికి వచ్చి 1984 పదో తరగతి బి సెక్షన్ ఫోటో తీశాను. నలభై రెండు మందిలో నలభై ఒకరి పేర్లు రాయగలిగాను. వెనుక వరుసలో ఎడమ నుంచి మూడోవాడు హాస్టల్ కుర్రాడు, ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. వాడికి నా పచ్చడి ఇష్టం. గుడి పేరూ రిజిస్టరు పేరూ రెండూ గుర్తు రావడం లేదు. ఆ బ్యాచ్ వారు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి.